రన్‌వే తడిస్తే తప్పెవరిది?

ఫిల్మ్ నగర్ లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న సినిమావాళ్ళ దగ్గర విమానం ఊసెత్తి చూడండి. కథ తిన్నగా 1993 నవంబర్ 15 దగ్గరకి వెళ్ళిపోతుంది.

అప్పటికి తెలుగు సినిమా ఇంకా పూర్తిగా మద్రాసు వదిలి రాలేదు. అన్నపూర్ణా స్టూడియోస్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది, ఫిల్మ్ నగర్ గుట్ట మీద రామానాయుడు స్టూడియో కూడా వచ్చేసింది. అయినా చాలామందికి ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. మద్రాసు-హైదరాబాద్ ఫ్లైట్ అంటే వాళ్ళకి మన సికింద్రాబాద్-కోఠి బస్సు లాంటిదన్నమాట. ఆ రోజు మద్రాసులో బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 లో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య, ఇంకా బోలెడంతమంది పరిశ్రమ వాళ్ళున్నారు. సిబ్బందితో కలిపి మొత్తం 262 మంది.

బేగంపేట దాకా వచ్చాక రన్‌వే సరిగ్గా కనబడలేదు. దిగబోయిన విమానాన్ని మళ్ళీ పైకి లేపారు. అలా లేపినప్పుడు రెక్కల వెనక చాచి ఉంచిన ఫ్లాప్స్ లోపలికి ముడుచుకోవాలి. అవి ముడుచుకోలేదు, ఇరుక్కుపోయాయి. ఫ్లాప్స్ ఉన్నది విమానం నెమ్మదిగా ఎగురుతూ కూడా గాల్లో నిలబడటానికి, అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే. వాటిని చాపుకునే దూరప్రయాణం చెయ్యడమంటే తెరిచిన గొడుగు పట్టుకుని స్కూటర్ నడిపినట్టే. కాసేపు హైదరాబాద్ మీద చక్కర్లు కొట్టి, వెనక్కి మద్రాసు వైపు తిప్పారు. వేగమేమో తక్కువ, ఇంధనం ఖర్చేమో ఎక్కువ. మద్రాసు దాకా సరిపోలేదు. చివరికి తిరుపతి దగ్గర ఒక వరిపొలంలో దింపేశారు. 262 మందీ బతికి బయటపడ్డారు!

(2011 లో వచ్చిన 'గగనం' సినిమాలో హైజాక్ అయిన విమానం దిగేది కూడా తిరుపతిలోనే. అదెలాగూ రన్‌వే మీద దిగింది లెండి. అసలు కథలో ఆ సౌకర్యం కూడా లేదు.)

ఈ సంగతి ఎవరు చెప్పినా వెంకటేశ్వరస్వామి గురించి చెప్తారు, పైలట్ గురించి చెప్తారు. రెండూ న్యాయమే. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ ఆ పొలం మీదే ఉంటాయి. అంత బరువున్న విమానానికి ఆ రోజు రన్‌వే ఆ పొలమే కదా. మెత్తటి నేల విమానాన్ని త్వరగా ఆపుతుంది. అదే నేల ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పట్టుకుంటే విమానాన్ని తిప్పి పడేస్తుంది కూడా. గట్లెక్కడున్నాయి, బురద ఎంత లోతు, కింద గట్టినేల ఉందా లేదా.. ఇవేవీ పైనున్న మనిషికి తెలియవు. తగిలాకే తెలుస్తుంది.

పొలం కాబట్టి అలా అనుకుంటాం. నిజానికి అసలు సిసలు రన్‌వేల మీద దిగే పైలట్ల పరిస్థితి కూడా చాలా దశాబ్దాల పాటు ఇంతకంటే ఏమంత గొప్పగా లేదు. రన్‌వే పొడవు అంగుళాలతో సహా తెలుసు. దాని మీద ఈ క్షణాన ఏముందో మాత్రం తెలియదు. తేడా వస్తే మటుకు తప్పు పైలట్‌ది. ఈ టపా ఆ చరిత్ర గురించే.

ముందు కొంచెం లెక్కలు చూద్దాం, భయపడకండి.

కొత్త విమానం మోడల్ తయారుచేసినప్పుడు కంపెనీ టెస్ట్ పైలట్లు పొడి రన్‌వే మీద దింపి, బ్రేకులు గట్టిగా తొక్కి, ఎంత దూరంలో ఆగిందో కొలిచి చూపిస్తారు. 1,000 మీటర్లు వచ్చిందనుకుందాం. మామూలు ప్రయాణికుల జెట్ విమానం ఆ ఊరికి బయల్దేరాలంటే అక్కడ 1,000 మీటర్ల రన్‌వే ఉంటే చాలదు, దానికి 1.67 రెట్లు ఉండాలి. అంటే దాదాపు 1,670 మీటర్లు. దిగే సమయానికి రన్‌వే తడిగా ఉండొచ్చు అనుకుంటే ఇంకో 15 శాతం కలపాలి, 1,920 అవుతుంది. చూశారా, రెట్టింపుకి దగ్గరకి వచ్చేశాం. మన ప్రాజెక్ట్ ఎస్టిమేట్లలో వేసుకునే బఫర్ లాంటిదే ఇది. దాన్ని ఏదో ఒకటి తినేస్తుందనే నమ్మకం మీద పుట్టిన బఫర్.

తినేసేవి ఏమిటీ అంటే, మన దక్కన్ పీఠభూమే మంచి ఉదాహరణ. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పల్చబడిపోతుంది. పైలట్ ముందున్న స్పీడోమీటర్ 140 నాట్లు చూపిస్తున్నా, పల్చటి గాలి వల్ల విమానం నిజంగా 150 దాటి పోతూ ఉంటుంది. వేగం ఎనిమిది శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి పదిహేడు పద్దెనిమిది శాతం పెరుగుతుంది, వేగం వర్గం కాబట్టి. శంషాబాద్ మెయిన్ రన్‌వే 4,260 మీటర్లుంది కనక అక్కడ ఇది పెద్ద సమస్య కాదు. చిన్న రన్‌వేలున్న ఊళ్ళలో మాత్రం ప్రతి శాతానికీ లెక్క చెప్పుకోవాల్సిందే.

ఎత్తూ ఎండా ముందే తెలిసేవి. వాటికి పట్టికలున్నాయి. పట్టికలకి లొంగనిది రన్‌వే ఉపరితలం. అది పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు, ఆ మాటకొస్తే ఈ చివర ఉన్నట్టు ఆ చివర ఉండదు.

ఈ సంగతి ప్రపంచానికి అర్థమవడం మొదలైంది మ్యూనిక్‌లో. 1958 ఫిబ్రవరి 6. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి తిరిగొస్తూ ఇంధనం కోసం అక్కడ ఆగింది. రన్‌వే మీద సగం కరిగిన మంచు, ఇంగ్లీషు వాళ్ళు స్లష్ అంటారు. మనకి చెప్పాలంటే గోలీసోడా బండి దగ్గర గ్లాసులో వేసే చితక్కొట్టిన ఐసు నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటుంది. ఇంజన్‌లో ఏదో ఎగుడుదిగుడు కనబడి రెండుసార్లు టేకాఫ్ మధ్యలోనే ఆపేశారు. మూడోసారి పరిగెత్తారు.

టేకాఫ్‌లో ఒక గీత ఉంటుంది, వీ1 అంటారు. ఆ వేగం దాటాక ఏం జరిగినా ఎగరాల్సిందే, ఆపడానికి చోటుండదు. ఆ రోజు వీ1 117 నాట్లు. విమానం 117 అందుకుంది. అక్కణ్ణుంచి పెరగాల్సింది పోయి 112 కి, తర్వాత 105 కి పడిపోయింది! ఆగడానికి దూరం లేదు, ఎగరడానికి వేగం లేదు. కంచె దాటి ఒక ఇంటిని గుద్దుకుంది. 44 మందిలో 23 మంది పోయారు.

జర్మనీ విచారణ సంఘం కారణం తేల్చేసింది: రెక్కల మీద మంచు పేరుకుంది, కెప్టెన్ దాన్ని తీయించకుండా బయల్దేరాడు. ఇక్కడ ఒక సున్నితమైన విషయముంది, గమనించండి. రెక్కలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవడం కెప్టెన్ పని. రన్‌వే శుభ్రంగా ఉంచడం విమానాశ్రయం పని. అంటే 'మంచు ఎక్కడుంది' అన్న ప్రశ్నకి జవాబు మారితే 'తప్పెవరిది' అన్న ప్రశ్నకీ జవాబు మారిపోతుంది. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు అప్లికేషన్ టీముకీ ఇన్‌ఫ్రా టీముకీ మధ్య జరిగే కాన్ఫరెన్స్ కాల్ ఒక్కసారి గుర్తుచేసుకోండి, మీకే అర్థమవుతుంది.

కెప్టెన్ పేరు జేమ్స్ థెయిన్. ఆ మూడో పరుగులో విమానం నడిపింది ఆయన పక్కనున్న కెన్ రేమెంట్, ఆయన ఆ ప్రమాదం తర్వాత కోలుకోలేక చనిపోయాడు. బతికిన థెయిన్ మీద మొత్తం పడింది. ఉద్యోగం ఊడింది. కోళ్ళఫారం పెట్టుకున్నాడు. పదేళ్ళు కొట్లాడాడు. రెక్కల మీద మంచుందని చూపించిన ఫోటో అసలు నెగటివ్ తీయించి పరిశీలిస్తే అందులో మంచు ఉందనడానికి ఆధారం దొరకలేదు. ఈలోగా 1960ల మొదట్లో అమెరికాలో ఒక పని చేశారు. కాన్వెయిర్ 880 అనే జెట్ విమానాన్ని కావాలని స్లష్ పోసిన రన్‌వే మీద పరిగెత్తించి కొలిచారు. ఒక అర అంగుళం స్లష్ చాలు టేకాఫ్ లెక్కలన్నీ తారుమారు చేయడానికి అని తేలింది. చక్రాలు దాన్ని చీల్చుకుంటూ పోవాలి, చిమ్మిన ముద్దలు విమానం పొట్టకీ చక్రాల కాళ్ళకీ కొడతాయి, వేగం పెరిగే కొద్దీ ఆ అడ్డు కూడా వర్గంలో పెరుగుతుంది. అందుకే వేగం 117 దాకా వచ్చి వెనక్కి జారింది. ముందు టైర్లు తొక్కిన భాగంలో స్లష్ పల్చగా, ఆ చివర ఎవరూ తొక్కని భాగంలో మందంగా ఉంది మరి.

1969 లో బ్రిటిష్ విచారణ థెయిన్ నిర్దోషి అని తేల్చింది. పదకొండేళ్ళు పట్టింది. ఆయన 1975 లో పోయాడు, అప్పటికి అరవై కూడా నిండలేదు. జర్మనీ వాళ్ళు తమ మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేదు.

నాకు ఈ కథలో బాధ కలిగించేది పదకొండేళ్ళు పట్టడం కాదు. ఆ రోజు ఆ రన్‌వే మీద స్లష్ ఎంత మందముందో, ఏ భాగంలో ఎక్కువుందో కొలిచి కాక్‌పిట్‌లోకి ఒక అంకెగా పంపించే పద్ధతే లేకపోవడం. కెప్టెన్ అడగాలన్నా ఏమని అడగాలి?

సరే, మనకి మంచు లేదు. హైదరాబాద్‌లో పడేది వడగళ్ళు, అవీ ఏడాదికి రెండుసార్లు. మనకి నీళ్ళు చాలు.

1963 లో నాసాలో వాల్టర్ హార్న్ అనే ఇంజనీర్, ఆయన సహచరుడు కలిసి ఒక చిన్న ఫార్ములా ఇచ్చారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ముచ్చటపడతారు. టైరులో గాలి ఒత్తిడి పీఎస్ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9 తో గుణిస్తే వచ్చేది నాట్లలో ఒక వేగం. నీళ్ళు నిలిచిన చోట ఆ వేగం దాటితే టైరు నేలని వదిలేసి నీటి మీద తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. జెట్ విమానం టైరులో 200 పీఎస్ఐ అనుకుంటే 127 నాట్లు. బోయింగ్ 737 దిగేది దాదాపు 140 నాట్ల దగ్గర. అంటే నీళ్ళు నిలబడిన రన్‌వే మీద విమానం నేలకి తగలడమే తేలుతూ తగులుతుంది! పైగా, గాల్లో తిరగకుండా ఉన్న చక్రానికి ఈ 9 కాస్తా 7.7 అవుతుంది. అంటే ఒకసారి తేలడం మొదలుపెట్టాక వేగం ఇంకా పడిపోతే గానీ చక్రం తిరగడం మొదలెట్టదు.

ఇదే లెక్క మన కారుకి వేయండి. 30 పీఎస్ఐ. 49 నాట్లు, అంటే గంటకి 90 కిలోమీటర్లు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి ఔటర్ రింగ్ రోడ్డు మీద జోరువానలో 110 లో వెళ్తూ, వైపర్లు బాగానే కొడుతున్నాయి కదా ఏం ఫర్వాలేదనుకునే మిత్రులకి ఈ ఫార్ములా అంకితం. ఫ్లైట్ ఎక్కేదాకా ఆగక్కర్లేదు, దారిలోనే టైర్లు తేలుతాయి.

నీళ్ళు అంత లోతుగా లేకపోయినా ప్రమాదం తప్పదు. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే రోడ్డు మీద జూన్‌లో మొదటి చినుకులకి బైకులు ఎలా జారతాయో చూసేవుంటారు. ఆగస్టులో కుండపోతగా కురిసినప్పుడు అంత జారవు. మొదటి చినుకులకి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు నానుతాయి, కొట్టుకుపోవు. రన్‌వేకీ ఇదే జబ్బు. ప్రతి విమానం దిగినప్పుడూ తిరగని చక్రం ఒక్కసారిగా 250 కిలోమీటర్ల వేగంలో నేలకి రుద్దుకుంటుంది. మనకి కిటికీలోంచి కనబడే ఆ నీలంపొగ కాలిన రబ్బరే. ఆ రబ్బరు నేలలోని గరుకుదనాన్ని పూడ్చేస్తుంది. వేల ల్యాండింగుల తర్వాత ఆ భాగం నల్లగా, నున్నగా తయారవుతుంది. పొడిగా ఉన్నప్పుడు తేడా తెలియదు. పల్చటి నీటిపొర పడిందంటే పాలరాయి మీద సబ్బునీళ్ళే. అందుకని అప్పుడప్పుడూ ఎక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టి ఆ రబ్బరు గీకిస్తారు, గరుకు ఎంతుందో కొలిచే బండిని రన్‌వే మీద నడిపిస్తారు. ఎవరూ చప్పట్లు కొట్టని పని, అర్ధరాత్రి చేసే పని. మన మెయింటెనెన్స్ విండోల్లాగే.

మూడో రకం ఇంకా విచిత్రంగా ఉంటుంది. తడి రన్‌వే మీద చక్రం తిరగకుండా బిగుసుకుపోయి ఈడ్చుకుపోతే, ఆ వేడికి కింద నీళ్ళు ఆవిరవుతాయి. ఆ ఆవిరి రబ్బరుని కరిగించి జిగటగా చేసి విమానాన్ని పైకి ఎత్తి పడుతుంది. తర్వాత వెళ్ళి చూస్తే రన్‌వే మీద నల్లటి గీతల బదులు తెల్లటి గీతలుంటాయి, ఆవిరి పెట్టి కడిగినట్టు. దర్యాప్తు చేసేవాళ్ళు ముందు ఆ తెల్లగీతల కోసమే వెతుకుతారు.

వీటికి మందు కూడా నాసా ప్రయోగాల్లోనే గట్టిపడింది: రన్‌వేకి అడ్డంగా సన్నటి గాళ్ళు కొయ్యడం. పావు అంగుళం వెడల్పు, పావు అంగుళం లోతు, ఒకటిన్నర అంగుళానికి ఒకటి. టైరు కింద పడ్డ నీళ్ళకి పారిపోవడానికి దారి దొరుకుతుంది, అంతే. ఇంత చవకైన, ఇంత తెలివైన పరిష్కారం ఇంజనీరింగ్‌లో అరుదుగా చూస్తాం. తర్వాత ఇవే గాళ్ళు హైవేల మీదకి కూడా వచ్చాయి.

ఇంతవరకూ నేల సంగతి. నేలని బాగుచేయడం వచ్చింది సరే, నేల గురించి పైవాడికి చెప్పడం? అది రావడానికి ఇంకో ఘోరం జరగాల్సి వచ్చింది. ఇందులో సాఫ్ట్‌వేర్ పాత్ర ఉంది కాబట్టి మనవాళ్ళు కాస్త శ్రద్ధగా చదవాలి.

2005 డిసెంబర్ 8, షికాగో మిడ్‌వే. మంచు పడుతోంది. సౌత్‌వెస్ట్ వారి 737 దిగబోతోంది. బ్రేకింగ్ ఎలా ఉంది అంటే ముందు దిగినవాళ్ళలో ఒకరు 'ఫెయిర్' అన్నారు, ఒకరు 'పూర్' అన్నారు, రన్‌వే సగం ఇలా సగం అలా అని కూడా వచ్చింది. ఈ మాటలకి కొలత లేదు. నీ ఫెయిర్ నాకు పూర్ కావచ్చు, నీ విమానం వేరు నా విమానం వేరు. పైలట్లు కాక్‌పిట్‌లో ఉన్న లాప్‌టాప్ కంప్యూటర్‌లో వివరాలు కొట్టారు. ఫెయిర్ అయితే ఆగాక ఇంకా కొన్ని వందల అడుగులు మిగులుతుందంది. పూర్ అయితే కొన్ని పదుల అడుగులు మిగులుతుందంది. మిగిలింది కదా, దిగారు.

ఆ ప్రోగ్రాం లోపల రెండు సంగతులు దాక్కుని ఉన్నాయి. ఒకటి, ఆ 737-700 మోడల్‌కి రివర్స్ థ్రస్ట్, అంటే ఇంజన్ గాలిని ముందుకి తిప్పి ఆపే పద్ధతి, దిగగానే వాడతారని ముందే లెక్కలో కలిపేసుకుంది. అదే కంపెనీలో పాత మోడళ్ళకి అలా కలుపుకోదు. పైలట్లేమో ఇందులోనూ కలపలేదు, అది అదనపు రక్షణ అనుకున్నారు. రెండోది ఇంకా ఘోరం. వెనకగాలి 8 నాట్లు అని పైలట్లు ఇచ్చారు. పూర్ బ్రేకింగ్‌లో కంపెనీ నియమం ప్రకారం వెనకగాలి 5 దాటకూడదు. దాటింది కాబట్టి 'దిగకూడదు' అని చెప్పాలా వద్దా? ఆ ప్రోగ్రాం 8 ని 5 గా కుదించి లెక్క కట్టి జవాబిచ్చింది. ఇన్‌పుట్ పరిమితి దాటితే ఎర్రర్ ఇవ్వకుండా పరిమితికి తగ్గించి సజావుగా నడిచిపోయే కోడ్.. ఎన్ని కోడ్ రివ్యూల్లో చూశాం మనం ఇలాంటివి!

ఆ రాత్రి రివర్స్ థ్రస్ట్ వేయడంలో కూడా ఆలస్యమైంది. అమెరికా దర్యాప్తు సంస్థ ప్రధాన కారణంగా రాసింది దాన్నే. విమానం రన్‌వే దాటి, కంచె దాటి, రోడ్డు మీదకి వచ్చి ఒక కారు మీద పడింది. కారులో ఉన్న ఆరేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. విమానంలో ఉన్నవాళ్ళకి ప్రాణాపాయం కాలేదు. ఆ విమానమేదో కూడా తెలియని పిల్లవాడు పోయాడు.

అక్కణ్ణుంచి అమెరికా ప్రభుత్వం విమాన కంపెనీలనీ, తయారీదారులనీ, విమానాశ్రయాలనీ ఒకచోట కూర్చోబెట్టింది. 'ఫెయిర్', 'పూర్' లాంటి మాటల బదులు అంకెలు ఎలా ఇవ్వాలి, ఆ అంకెకి ఏ విమానం ఎంత దూరం తీసుకుంటుందో తయారీదారు ఎలా ఇవ్వాలి అని ఏళ్ళ తరబడి తర్జనభర్జన. 2016 అక్టోబర్ నుంచి అమెరికాలో అమలు. దాని ఆధారంగానే అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ, ఐకావో, 2021 నవంబర్ 4 నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి పెట్టింది. పేరు గ్లోబల్ రిపోర్టింగ్ ఫార్మాట్.

పద్ధతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. రన్‌వేని మూడు భాగాలు చేస్తారు. ఒక్కో భాగానికి 6 నుంచి 0 దాకా ఒక అంకె. పొడిగా ఉంటే 6. మామూలు తడి 5. తడిస్తే జారుతుందని తేలిన నేల, అంటే మన రబ్బరు పేరుకున్న రన్‌వే లాంటిది, 3. నీళ్ళు 3 మిల్లీమీటర్లకి మించి నిలబడితే 2. తడి ఐసు అయితే 0, దాని మీద దిగే ప్రశ్నే లేదు. పైలట్‌కి '5/5/2' అని వస్తే, చివరి భాగంలో నీళ్ళు నిలిచాయి, అక్కడ బ్రేకుల మీద ఆశ పెట్టుకోకు అని అర్థం. ముందు దిగినవాడికి పట్టు తక్కువగా అనిపిస్తే ఆ అంకెని తగ్గించవచ్చు కూడా.

అంటే ఏమిటి? రెండు సిస్టమ్స్ మధ్య ఒక ఇంటర్‌ఫేస్ రాసుకున్నారు. అంతే! నేల మీదవాడు ఏం కొలవాలి, ఏ రూపంలో పంపాలి, పైవాడు దాన్ని దేనికి వాడాలి. మ్యూనిక్‌లో థెయిన్ అడగాల్సిన ప్రశ్నకి భాష దొరకడానికి 63 ఏళ్ళు పట్టింది. ఆ భాషలో ఆ రోజు రన్‌వే చెప్పి ఉంటే మూడు భాగాలకీ మూడు వేరు వేరు సంగతులు వచ్చేవి, చివరి భాగం దగ్గర ఎవరో ఒకరు ఆగేవారు.

మరి మన దగ్గర? 2020 ఆగస్టు 7, కోళిక్కోడ్. ఇది ఆ కొత్త పద్ధతికి ఏడాది ముందు. దుబాయ్ నుంచి కరోనా రోజుల్లో మనవాళ్ళని తీసుకొస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737. గుట్ట మీద చదును చేసిన రన్‌వే, జోరువాన, నేల తడి, వెనకగాలి. మొదటి ప్రయత్నంలో కెప్టెన్ వైపు వైపర్ మొరాయించింది. రెండోసారి 8,858 అడుగుల రన్‌వేలో దాదాపు 4,438 అడుగుల దగ్గర చక్రాలు నేలకి తగిలాయి. సగం వెనకే అయిపోయింది. రెండో చివర లోయలోకి పడి విరిగింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు.

దర్యాప్తు నివేదిక పైలట్ పద్ధతులు పాటించలేదంది. నిజమే, తిరిగి పైకి లేపాల్సింది. అదే నివేదిక వ్యవస్థలో లోపాలు కూడా కారణమేనంది. పేపర్లలో ఎంతమంది రెండో వాక్యం దాకా చదివారు? నా ఉద్దేశం పైలట్లని వెనకేసుకు రావాలని కాదు. తడి రన్‌వే మీద సగం దూరం దాటాక తగలడం తప్పే, తడి లేకపోయినా తప్పే. 2010 మే 22 న మంగళూరులో రన్‌వే పొడిగా ఉండగానే అలా దూరం పోయి దిగి 158 మంది పోయారు. నేను చెప్పేదేమంటే, తడి అనేది మిగతా తప్పులన్నిటికీ వడ్డీ వేస్తుంది. పొడినేల మీద వంద మీటర్లు ఆలస్యం క్షమించబడుతుంది. తడినేల దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అందుకని ఆ వడ్డీరేటు ముందే, దిగకముందే, అంకె రూపంలో మనిషి చేతిలో ఉండాలి. 'యూజర్ ఎర్రర్' అని టికెట్ మూసేసే ముందు ఆ యూజర్‌కి మనం ఏ స్క్రీన్ చూపించామో ఒకసారి తెరిచి చూడాలి కదా.

అన్నట్టు, తెలుగునేల మీద ఈ మధ్య ఒక చిత్రమైన రన్‌వే తయారైంది. జాతీయ రహదారి 16 మీద, కొరిశపాడు-రేణంగివరం మధ్య. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు, కాంక్రీటు. హైవే అధికారులు కట్టారు, కొలతలు వాయుసేన ఇచ్చింది. మామూలు రోజుల్లో దాని మీద చెన్నై-కోల్‌కతా లారీలు పోతుంటాయి. అవసరమైనప్పుడు విమానాలు దిగాలి. 2022 డిసెంబర్ 29 న మొదటిసారి పరీక్షించారు, ఆ రోజు విమానాలు కిందకి వచ్చి నేలకి తగలకుండానే లేచిపోయాయి. 2024 మార్చి 18 న సుఖోయ్, హాక్ యుద్ధవిమానాలు అలాగే తగలకుండా పోగా, ఏఎన్-32, డార్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్ళీ ఎగిరాయి.

ఆ వార్త వచ్చినప్పుడు అందరూ సుఖోయ్ వీడియోలు పంచుకున్నారు. నేను మాత్రం లారీల గురించి ఆలోచించాను. రోజంతా డీజిల్ చుక్కలు, ఇసుక, ఊడిన టైరుముక్కలు, వరిగడ్డి ట్రాక్టర్ల నుంచి రాలిన గడ్డి.. ఆ నాలుగు కిలోమీటర్లూ విమానం రాకముందు ఎవరో ఒకరు ఊడ్చి ఉండాలి, మొత్తం నడిచి చూసి ఉండాలి. వాళ్ళ వీడియో ఎక్కడా దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.